విజయనగరంలో గరిక పుప్పొడి అలర్జీకి ఇమ్యునోథెరపీ: ఏడాది అనుభవం

గట్ల మీద గరిక పూతకు వచ్చేసరికి మా తొమ్మిదేళ్ల బాబుకు తుమ్ములు, కళ్ల దురద తప్పేవి కావు కాబట్టి, నెల్లిమర్ల నుంచి విజయనగరంలోని ఒక అలర్జీ క్లినిక్‌కు ఏడాదిగా తీసుకువెళుతున్నాము. పరీక్షకు కొన్ని రోజుల ముందే అలర్జీ మాత్రలు ఆపాలని ఫోనులో చెప్పకపోవడం వల్ల మొదటి ప్రయాణం వృథా అయింది. రెండోసారి ముంజేతి మీద అలర్జీ కలిగించే పదార్థాల చుక్కలు వేసి, సన్నని సూదితో గుచ్చి, పావుగంట ఆగి చూస్తే, గరిక చుక్క దగ్గర దోమ కుట్టినట్టు దద్దురు లేచింది. వినాయకుడి పూజకు వాడే గరికే కారణమంటే మా అత్తగారు నేటికీ నమ్మరు.

అలర్జీ కలిగించే పదార్థాన్నే అతి స్వల్ప మోతాదుతో మొదలుపెట్టి, క్రమంగా పెంచుతూ శరీరానికి అలవాటు చేసే ఈ ఇమ్యునోథెరపీ పద్ధతిని, గడ్డి పుప్పొడితోనే, లండన్‌లో లియోనార్డ్ నూన్ 1911లో ప్రకటించారు. సాధారణంగా 3 సంవత్సరాలైనా కొనసాగించాలి. ఇంజెక్షన్ ఇచ్చాక 30 నిమిషాలు అక్కడే కూర్చోబెట్టి, అలర్జీ ఒక్కసారిగా తీవ్రమైతే ఇచ్చే అడ్రినలిన్ మందు అందుబాటులో ఉంచుకోవడం, పిల్లవాడికి ఆయాసంగా ఉన్న రోజున సూది వేయకుండా వెనక్కి పంపడం నాకు నచ్చాయి. ఖర్చు మాత్రం తక్కువేమీ కాదు. ఈ ఏడాది మాత్రల వాడకం బాగా తగ్గింది గానీ, తెల్లవారుజామున ముక్కు దిబ్బడ ఇంకా ఉంది.