ముక్తినాథ్ యాత్ర: ఖాట్మండు నుంచి రాణీపౌవా దాకా తాగే నీళ్ళ సంగతి

నేపాల్‌లో కుళాయి నీళ్ళు తాగొద్దని టూర్ వాళ్ళు బస్సులోనే చెబుతారు. భోజనాల దగ్గర అవే నీళ్ళతో చేసిన మజ్జిగ వడ్డిస్తే మాత్రం ఎవరూ అడగరు. మన వైపు నుంచి వంటవాళ్ళతో వెళ్ళే బృందాలు ముందు తేల్చుకోవాల్సింది ఇదే: పచ్చడికి, మజ్జిగకు, కంచాలు కడగడానికి ఏ నీళ్ళు వాడుతున్నారు?

ఖాట్మండులో చిక్కంతా గొట్టాల్లో ఉంది. సరఫరా రోజంతా ఉండదు. నీళ్ళు ఆగినప్పుడు ఒత్తిడి పడిపోయి, పగుళ్ళలోంచి పక్కనున్న మురుగు లోపలికి చేరుతుంది. ఆ నీళ్ళే సంపులోకి, మేడ మీది ట్యాంకులోకి వెళ్తాయి. 2021లో మేలమ్చీ నది నీళ్ళు సొరంగం గుండా నగరానికి వచ్చాయి గానీ, అదే ఏడాది జూన్ వరద నీళ్ళు మళ్ళించే చోటును బురదతో పూడ్చేసింది. హోటళ్ళలో పెట్టే 20 లీటర్ల జార్లకు మూత సీలు చూడండి. సీలు లేని జారును కుళాయి నీళ్ళ కిందే లెక్కేసుకోవాలి. గదిలో ఎలక్ట్రిక్ కెటిల్ ఉన్న హోటలైతే, ఫిల్టర్ గురించి గొప్పలు చెప్పే హోటల్ కన్నా మేలు.

ఒక్క ఫిల్టరో, ఒక్క క్లోరినో చాలదు. 0.1 మైక్రాన్ గొట్టపు ఫిల్టర్ బ్యాక్టీరియాను, జియార్డియా అనే పరాన్నజీవిని ఆపుతుంది, వైరస్‌లను ఆపదు. 2014లో బిరాట్‌నగర్‌లో హెపటైటిస్ ఇ కామెర్లు ప్రబలింది నీళ్ళ వల్లే. క్లోరిన్ వైరస్‌లను చంపుతుంది గానీ, వానాకాలంలో ఎక్కువయ్యే సైక్లోస్పోరా అనే పరాన్నజీవిని ఏమీ చేయలేదు. అందుకే ముందు వడకట్టి, తర్వాత క్లోరిన్ వేయాలి. అక్కడి మందుల షాపుల్లో దొరికే పియూష్ అనే క్లోరిన్ ద్రావణమైతే లీటరుకు 3 చుక్కలు, 30 నిమిషాలు ఆగాలి. మంచులాంటి నీళ్ళకు గంట ఇవ్వండి.

మరిగిస్తే ఈ రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి. ముక్తినాథ్ గుడి దగ్గరి ఊరు రాణీపౌవా దాదాపు 3,700 మీటర్ల ఎత్తు, అక్కడ నీళ్ళు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. అయినా క్రిములు చస్తాయి. 2,000 మీటర్లు దాటాక తెర్లడం మొదలయ్యాక 3 నిమిషాలు ఉంచమంటారు. సోలార్ గీజర్ వేడినీళ్ళు మరిగినవి కావు, టీకి కూడా పనికిరావు.

పోఖరాలో వానలు పడితే కుళాయిలోనే బురద కనిపిస్తుంది. అలాంటి నీళ్ళలో అతినీలలోహిత కాంతితో క్రిముల్ని చంపే యూవీ పెన్ను తిప్పినా లాభం లేదు, మట్టి కణాల చాటున క్రిములు తప్పించుకుంటాయి. కాళీగండకి నది నీళ్ళయితే నల్లటి ఒండ్రుతో ఫిల్టర్‌ను పూటలోనే మూసేస్తాయి. రాత్రంతా తేర్చి, పైతేట గుడ్డలో వడకట్టాకే ఫిల్టర్‌కు పట్టాలి.

ముక్తినాథ్ దారిలోని జోమ్‌సోమ్ నుంచి పైకి బస ఎంచుకునేటప్పుడు గది కన్నా వంటింటిని చూడండి. ‘ఉమాలేకో పానీ’ అని అడిగితే ఫ్లాస్కుల లెక్కన మరిగించిన నీళ్ళు అమ్ముతారు. ఎత్తు పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది, గ్యాసు కింది నుంచి మోయాలి కాబట్టి బేరమాడటం న్యాయం కాదు. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలో కొన్ని ఊళ్ళలో ఓజోన్‌తో శుద్ధి చేసిన నీళ్ళ కేంద్రాలున్నాయి. చవక, ప్లాస్టిక్ చెత్తా ఉండదు, కానీ సీజన్ కాని రోజుల్లో మూసి ఉండొచ్చు కాబట్టి వాటి మీదే ఆధారపడొద్దు. రాత్రి వేడినీళ్ళు స్టీలు సీసాలో పోసి దుప్పట్లో పెట్టుకుంటే కాళ్ళకు వెచ్చదనం, పొద్దున తాగడానికి చల్లారిన నీళ్ళు. ఫిల్టర్‌నూ అక్కడే పెట్టండి. ఒకసారి గడ్డకడితే లోపలి గొట్టాలు చిట్లుతాయి, పైకి మాత్రం ఏమీ తెలియదు.

గుడి వెనక 108 ధారల కింద స్నానానికి నోరు మూసుకుని వెళ్ళండి. తీర్థం తలమీద చల్లుకుంటే చాలు, లోపలికి తీసుకోవాలనుకుంటే సీసాలో పట్టి మరిగించుకోండి. విరేచనాలు మొదలైతే జీవన్ జల్ (అక్కడి ఓఆర్ఎస్) పొట్లం లీటరు మరిగించి చల్లార్చిన నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. జ్వరం వచ్చినా, రక్తం పడినా పైకి ఎక్కకుండా జోమ్‌సోమ్ ఆసుపత్రికి దిగండి.