మా సందు చివరి మెస్, 4 స్టార్లు (ఒకటి ఎందుకు కోసినానో కింద ఉంది)

తిరుపతిలో ఎమ్మార్ పల్లి పక్క మా సందు చివర చిన్న మెస్ ఉండాది. పేరు రాయలేదు, ఎందుకంటే ఓనరే వద్దన్నాడు, "రాయద్దు నా, మళ్ళీ చందాల పుస్తకం పట్టుకోని వస్తారు" అని. ఫుల్ మీల్స్ 90, సంగటి ముద్ద కావాలంటే ఇంకో 20. చెనిక్కాయల ఊరుబిండి మాత్రం ఎంతడిగితే అంత వేస్తారు, రోట్లో నూరినట్టే ఉంటాది (మిక్సీనే, నేను చూసినా). ఆదివారం నాటుకోడి పులుసు ఒంటిగంటన్నరకే అయిపోతాది. రసం రొంత పల్చన. తిండి గురించి ఇంతకన్నా జాస్తి రాసేదానికి ఏం లేదు.

అసలు రివ్యూ వేరే. మొన్న ఆడ తింటాంటే పక్క టేబుల్లో ఇద్దరు గట్టిగా పెట్టుకున్నారు, వరదొస్తే గవర్నమెంటు చేసేది సున్నా, అంతా దాతలే అని ఒకాయన, దాతలు ఫోటోలకొస్తారు, చేసేది గవర్నమెంటే అని ఇంకొకాయన. 2021 వరదలో ఆ మెస్ గోడకి ఎంతవరకు నీళ్ళొచ్చినాయో ఇద్దరికీ తెలిసినట్టు లేదు.

ఆ ఏడు నవంబర్ 18, గురువారం, కార్తీక పున్నమి టైము. ఘాట్ రోడ్లు మూసేసినారు, కొండ మింద నుంచి నీళ్ళు వచ్చినవి వచ్చినట్టు ఊర్లోకి దిగినాయి. మా ఇంట్లో ఖాళీ గ్యాసు బండ నీళ్ళలో తేలి తలుపుకి కొట్టుకుంటాంటే ఆ సౌండుకి లేచినాం, అప్పటికే మోకాటి లోతు. శ్రీకృష్ణ నగర్లో ఒకింట్లో భూమిలో పూడ్చిన వాటర్ ట్యాంకు సిమెంటు వరలతో సహా పైకి లేచిన వీడియో మీరూ చూసే ఉంటారు, అవే దినాలు.

పొద్దున్నే కరెంటు లేదు, ఫోన్లు చచ్చినాయి. ఈ మెస్సాయన లారీ ట్యూబు మింద పెద్ద డబరా పెట్టి తోసుకుంటా వచ్చినాడు, లోపల పసుపు వేసిన చిత్రాన్నం, ఎర్రగడ్డ కూడా సరిగ్గా వేగలేదు, మా పిల్లోడు రెండు ప్లేట్లు తిన్నాడు. తర్వాత ఎప్పుడో థాంక్స్ చెప్తే ఆయనన్నది ఏమంటే, "బియ్యం మూటలు తడిసిపోతే పారేసేదే కదా నా, గ్యాసు నిండు బండలు రెండుండాయి, వండేస్తే సరిపోతాదనుకున్నా". అంతే.

మూడో రోజు నుంచి బయటోళ్ళు వచ్చినారు, ఆటోల్లో, వ్యాన్లలో, బ్యానర్లు కట్టుకోని. చెడ్డోళ్ళని అనను, పాపం సొంత డబ్బే. కానీ అందరూ తెచ్చేది అదే పులిహోర పొట్లాలే, అందరూ ఆగేది మెయిన్ రోడ్డులోనే. ఒకే పూట మా మూలకి నాలుగు వ్యాన్లు వచ్చినాయి, మిగిలినవి కుక్కలు తిన్నాయి, వెనక సందులో నీళ్ళు దిగలేదు కాబట్టి ఆడికి ఒక్కరూ పోలేదు. ఒకమ్మ చంటిబిడ్డకి పాలడబ్బా అడిగితే ఎవరి దగ్గరా లేదు. మెస్సాయనే ఒక వ్యానోళ్ళని ఆపి, "అన్నం మేం వండుకుంటాం, మీరు దోమల చుట్టలు, కొవ్వొత్తులు, ఫినాయిలు, ఆడోళ్ళకి ప్యాడ్లు తెండి సార్" అని చెప్పినాడు. సాయంత్రానికి తెచ్చినారు కూడా.

ఇంక సర్కారు. కిట్టు ఇచ్చినారు, 25 కేజీల బియ్యం, కేజీ కందిబేడలు, లీటరు పామాయిలు, కేజీ ఎర్రగడ్డలు, కేజీ ఉర్లగడ్డలు, దాంతోపాటు 2000 రూపాయలు. ఏ దాతా మా సందులో ఇంటింటికి అంత ఇవ్వలేదు. కానీ లిస్టు ఉండాలి! మా పక్క పోర్షన్లో బాడుగకి ఉండేవాళ్ళ రేషన్ కార్డు మదనపల్లెలో ఉండాది, లిస్టు రాసే అబ్బాయి "మీది ఈడ రాదక్కా" అనేసినాడు, వాళ్ళ సామాన్లు మాత్రం ఈడే మునిగినాయి. ఇంకోటి, అప్పటి విపత్తు నిధి రూల్లో బట్టలకి 1800, వంట సామాన్లకి 2000 ఉండేది, అయితే ఇల్లు రెండ్రోజులకి మించి మునిగుండాలంట. మా ఇంట్లో ఒకటిన్నర రోజు. ఆ మిగిలిన సగం రోజుకి ఎవరి కాళ్ళు పట్టుకునేది? దాతలకి రోడ్డు కనపడాల, గవర్నమెంటుకి కార్డు కనపడాల, మా పక్క పోర్షనోళ్ళు రెండింటికీ కనపళ్ళేదు, వాళ్ళకి దక్కింది డబరాలో చిత్రాన్నమే.

అట్లని దాతలే చాలు అనే ఆ మొదటాయన మాట కూడా నేను ఒప్పుకోను. ఆ వరద తర్వాతి ఆదివారమే రాయలచెరువు కట్టకి లీకేజీ వచ్చిందని కింద పల్లెల్లో జనాన్ని ఖాళీ చేయించినారు, ఇసక మూటలేసి ఆపినారు. ఆ కట్ట తెగుంటే చిత్రాన్నం ఎవరికి పెడతారు? పోలీసులు, ఇంజనీర్లు, జేసీబీలు, రాత్రికి రాత్రి ఊర్లు లేపే అధికారం, ఇవి ఏ ట్రస్టు దగ్గర ఉండాయి? మా సందులో నీళ్ళు మోటర్లతో తోడింది, బ్లీచింగు చల్లింది కూడా మునిసిపాలిటీ వాళ్ళే, వాళ్ళని ఎవరూ ఫోటో తీయలేదు. అప్పటికి తిరుపతి జిల్లా కూడా కాలేదు, కలెక్టరాఫీసు చిత్తూరులో.

తిరుపతిలో కూర్చోని గవర్నమెంటా దాతలా అని కొట్టుకునేదే నాకు విచిత్రం. కొండ మింద నిత్యాన్నదానం 1985 నుంచి నడుస్తాండాది, డబ్బు భక్తులది, టీటీడీ బోర్డుని వేసేది ప్రభుత్వం. దాన్ని ఏ లెక్కలో రాస్తారో ఆ టేబులోళ్ళనే అడగాల్సింది, అప్పటికే పెరుగన్నంలోకి వచ్చేసినారని వదిలేసినా.

స్టార్ ఎందుకు కోసినానంటే, చేతులు కడిగే కొళాయి ఆర్నెల్లుగా కారతానే ఉండాది, కింద బకెట్ పెట్టినారు, అది నిండి కాళ్ళ మిందకి వస్తాది. వరద చూసినాయన ఒక వాషరు వేయించలేడా. పార్సిల్‌కి డబ్బా మీరే తీసుకుపోండి, కవర్లో రసం పోస్తే ఇంటికి చేరదు.

పోయిన వానల్లో పోతే బియ్యం మూటలన్నీ సజ్జ మిందకి ఎక్కించుండాయి. వరద భయమా నా అంటే, "కాదు నా, ఎలకలు" అన్నాడు.