సిల్‌ఫ్రా, స్కాపా ఫ్లో: డ్రైసూట్‌లో బరువు కుదిరిన చోట్లు

ఐస్‌లాండ్‌లో నీళ్ళు నిండిన పగులు సిల్‌ఫ్రాలో డైవ్ చేశాను. దాని చివర్లో వచ్చే లాగూన్, అంటే మడుగు, చాలా తక్కువ లోతు. అక్కడికి చేరేసరికి నా సిలిండర్‌లో గాలి సగానికి పైగా అయిపోయింది. అడుగున మెత్తటి మడ్డి, ఆకుపచ్చ నాచు, ఎటు చూసినా అద్దంలాంటి నీళ్ళు. కింద ఏముందో చూద్దామని తల కాస్త దించాను. నీళ్ళు లోపలికి రానివ్వని డ్రైసూట్‌లో ఉన్న గాలంతా ఒక్కసారిగా పాదాల వైపు పోయింది. బూట్లు ఉబ్బాయి, కుడి కాలికున్న ఫిన్ (ఈత రెక్క) వదులైంది, కాళ్ళు పైకి లేచిపోయాయి. నేర్చుకున్నట్టే మోకాళ్ళు ఛాతీకి ముడిచి, ఒక పల్టీ కొట్టి, మళ్ళీ తల పైకి తెచ్చుకున్నాను. కానీ ఆ గొడవలో లేచిన మడ్డి వల్ల నా వెనక ఉన్న ఇద్దరికీ లాగూన్ సరిగా కనిపించలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ సాయంత్రం కూర్చుని ఆలోచిస్తే తేలింది. పొద్దున్న మమ్మల్ని తీసుకెళ్ళినవాళ్ళు నా ఎత్తు, బరువు అడిగి, పట్టీ నిండా సీసం వేసి నడుముకు కట్టేశారు. నీళ్ళలో ఒక్కసారి కూడా సరిచూడలేదు. "కొంచెం ఎక్కువున్నా ఫర్వాలేదు, మునగడం తేలికవుతుంది" అన్నారు. డ్రైసూట్‌లో అసలు చిక్కు మొదలయ్యేది అక్కడే. సీసం ఎక్కువైతే మునిగిపోతాం. మునగకుండా ఉండాలంటే సూట్‌లోకి గాలి ఎక్కించాలి. ఆ గాలి ఒకచోట ఉండదు, ఒంట్లో ఏ భాగం పైకుంటే అటు పరుగెడుతుంది. రెండు మూడు కిలోల అదనపు సీసం అంటే రెండు మూడు లీటర్ల అదనపు గాలి. అద్దె సూట్ బూట్లు నాకు ఒక సైజు పెద్దవి కావడంతో ఆ గాలికి అక్కడ చోటు కూడా దొరికింది.

సిల్‌ఫ్రా గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఐస్‌లాండ్‌లో థింగ్‌వెల్లిర్ జాతీయ ఉద్యానవనంలో, ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు విడిపోతున్న చోట ఏర్పడిన పగులు అది. లాంగ్‌యోకుల్ హిమానీనదం కరిగిన నీరు లావా రాళ్ళలో ఏళ్ళ తరబడి ఇంకి, వడకట్టుకుని అక్కడికి చేరుతుంది. ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే. 18 మీటర్లు దాటి దిగనివ్వరు. డ్రైసూట్ అనుభవానికి రుజువు చూపించాలి. అందం సంగతి ఎవరైనా చెబుతారు, నాకు నచ్చింది మాత్రం ఆ చోటు నిజాయితీ. లోతు తక్కువగా ఉన్నప్పుడే గాలి పరిమాణం వేగంగా మారుతుంది. సిల్‌ఫ్రాలో ఖాళీ అవుతున్న సిలిండర్‌తో అలాంటి చోటే డైవ్ ముగుస్తుంది. మన లెక్క తప్పితే లాగూన్ దాన్ని దాచిపెట్టదు.

రెండో రోజు వేరేవాళ్ళతో వెళ్ళాను. తేడా మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోయింది. ఇనుప మెట్ల దగ్గర నీళ్ళలోకి దిగగానే గైడ్ నన్ను ఆపాడు. ఎడమ మోచెయ్యి పైకెత్తించి, భుజం దగ్గరి వాల్వ్ నుంచి గాలంతా తీయించాడు. సగం ఊపిరి పట్టుకుని కదలకుండా ఉండమన్నాడు. నీళ్ళు కళ్ళ మట్టానికి రావాలి, నేను నెత్తి దాకా మునిగిపోయాను. ఒక్కో దిమ్మ తీసేస్తూ, నీళ్ళు కళ్ళ దగ్గర ఆగేదాకా చూశాడు. ఆ తర్వాత రెండు కిలోలు మళ్ళీ కలిపాడు. ఎందుకంటే గాలికీ బరువుంటుంది. 12 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ ఒత్తిడి నుంచి 50 బార్‌కు తెస్తే సుమారు 1800 లీటర్ల గాలి, అంటే రెండు కిలోల పైచిలుకు తగ్గిపోతుంది. అంతా అయ్యాక చూస్తే ముందురోజు కన్నా మూడు కిలోలు తక్కువ. బూట్ల చుట్టూ పట్టీలు కూడా బిగించాడు. చీలమండలకు బరువులు కట్టడం నాకు అంతగా నచ్చదు, ప్రతి తన్నుకూ ఆ బరువును మోయాల్సిందే. పట్టీలతో పని జరిగితే అదే మేలు.

ఆ పూట లాగూన్‌లో కాళ్ళు లేవలేదు.

బస విషయంలో మాత్రం నేను పొరపడ్డాను. గది శుభ్రంగా, వెచ్చగా ఉంది, కానీ అండర్‌సూట్, అంటే డ్రైసూట్ లోపల వేసుకునే వెచ్చటి దుస్తులు, ఆరేసుకునే చోటు లేదు. మూడో రోజుకు అది ఆరక, ఇంకా మందపాటిది అద్దెకు తీసుకోవాల్సి వచ్చింది. మందం పెరిగితే అందులో నిలిచే గాలి పెరుగుతుంది, సీసం కూడా పెరగాలి. కష్టపడి తేల్చుకున్న లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. చలినీళ్ళ డైవింగ్‌కు వెళ్ళేవాళ్ళు గది వెతికేటప్పుడు కిటికీలోంచి ఏం కనిపిస్తుందని కాదు, బట్టలు ఆరేసుకునే వేడి గది ఉందా అని ముందు అడగండి.

స్కాట్లాండ్ ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లోని స్కాపా ఫ్లోకు వెళ్ళినప్పుడు ఆ ప్రశ్న ముందే అడిగి బోటు ఎంచుకున్నాను. వారమంతా బోటులోనే. పడక ఇరుకు, గోప్యత తక్కువ. కానీ ఇంజిన్ పక్కన ఆరబెట్టే గది ఉంది, బల్ల మీద ఎవరి సిలిండర్ చోటు వాళ్ళది, వెనక లిఫ్ట్ ఉంది. సీసంతో, తడి సూట్‌తో నిచ్చెన ఎక్కే పని లేదు. ఆ లిఫ్ట్ లేకపోతే వారం రోజులు నా నడుము నిలిచేది కాదు.

ఇక్కడ ఉప్పునీరు. మంచినీటి కన్నా సుమారు రెండున్నర శాతం బరువు. నేనూ, నా సామానూ కలిపి 110 కిలోలనుకుంటే, దాదాపు మూడు కిలోల సీసం అదనంగా కావాలి. మొదటి డైవ్‌కు ముందే బోటు పక్కన సరిచూసుకున్నాను, కెప్టెన్ తొందరపెట్టలేదు. ఈసారి సొంత సూట్, పలుచటి ట్రైలామినేట్ (మూడు పొరల బట్ట), బరువైన రబ్బరు ఫిన్స్. మొత్తం బరువు సరిగ్గా కుదిరింది, అయినా ఒళ్ళు బల్లపరుపుగా నిలవలేదు. తన్నడం ఆపితే చాలు, కాళ్ళు నెమ్మదిగా కిందికి దిగిపోయేవి. సిల్‌ఫ్రాలో కాళ్ళు పైకి, ఇక్కడ కిందికి! నడుము నుంచి రెండు కిలోలు తీసి సిలిండర్ పై పట్టీకి ఉన్న జేబుల్లో పెట్టాను, సిలిండర్‌ను కూడా నాలుగు వేళ్ళ మేర తల వైపు జరిపాను. సీసం ఒక్క గ్రాము మారలేదు, చోటు మాత్రమే మారింది. ఆ తర్వాత డైవ్‌లో చేతులు ముందు పెట్టుకుని, కాళ్ళు కదపకుండా నిమిషం పాటు ఉన్నచోటే ఉన్నాను.

సూట్ ఒంటిని పిండకుండా ఉండేంత గాలే సూట్‌లో, మిగతాది వీపు మీది వింగ్‌లో, అంటే తేలడానికి గాలి నింపే సంచిలో. వారమంతా ఇదే పాటించాను. సూట్ ఒక్కదానితోనే సర్దుకోవాలనేవాళ్ళూ ఉన్నారు. బరువు సరిగ్గా ఉంటే రెండు పద్ధతులకూ తేడా కొద్దిగానే ఉంటుంది.

ఇక్కడి నీళ్ళలో సిల్‌ఫ్రా స్పష్టత ఆశించకూడదు. 1919 జూన్ 21న జర్మన్ నౌకాదళం తన ఓడలను తానే ముంచేసుకున్న చోటు ఇది. వాటిలో ఏడు ఇంకా అడుగున ఉన్నాయి. ఏ ముక్కా తీయకూడదు. మసక నీళ్ళలోంచి ఓడ పక్క గోడ ఒక్కసారిగా ఎదురైనప్పుడు, తడబడకుండా ఆగగలిగితేనే దాన్ని చూడగలం.

ఆఖరి డైవ్ ఆ ఏడింటిలో ఒకటైన కార్ల్స్‌రూ మీద, 25 మీటర్ల దగ్గర. పైకి వస్తూ భద్రత కోసం ఆరు మీటర్ల దగ్గర ఆగాను. గేజ్‌లో 50 బార్. వింగ్ ఖాళీ, వాల్వ్ పూర్తిగా తెరిచి ఉంది, సూట్ ఒంటికి మెత్తగా అతుక్కుని ఉంది. షాట్‌లైన్, అంటే పైనుంచి ఓడ దాకా వేసిన తాడు, నా మోచేతికి జానెడు దూరంలో ఊగుతోంది. మూడు నిమిషాలూ దాన్ని పట్టుకోలేదు.