అక్వేరియానికి "ఆటోమేటిక్ 27 డిగ్రీల" నీళ్ల లైను: డబ్బు కట్టే ముందు చదవండి

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఫిష్ ట్యాంకులున్నవాళ్లకి ఈమధ్య ఒక సెట్ గట్టిగా అంటగడుతున్నారు. గీజర్ నుంచి ఒక పైపు, చన్నీళ్లది ఒక పైపు, రెండూ కలిసే చోట ఒక ఇత్తడి వాల్వ్, దాని తర్వాత తెల్ల ఫిల్టరు. బకెట్లు మొయ్యక్కర్లేదు, కుళాయి తిప్పితే చాలు, ఏడాదంతా సరిగ్గా 27 డిగ్రీల నీళ్లు తిన్నగా అక్వేరియంలోకి వచ్చేస్తాయని చెబుతారు. ఫిటింగుతో కలిపి రూ.14,500 పెట్టి మా ఇంట్లో పెట్టించాను. చెప్పినవాటిలో ఒక్కటీ నిజం కాలేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. పేరు కంటే ఆ సెట్‌లో ఏముందో తెలుసుకోవడం ముఖ్యం, ఎందుకంటే అదే సరుకు వేరే షాపుల్లోనూ వేరే డబ్బాల్లో కనిపిస్తోంది.

అసలు ఆలోచనలో తప్పు లేదు. సిరిమాను పండగ వెళ్లాక మనవైపు చలి మెల్లగా దిగుతుంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో డాబా మీది ట్యాంకు నీళ్లు 22 డిగ్రీల దాకా చల్లబడతాయి. డిస్కస్ చేపలకి 28 పైన ఉండాలి. 28 డిగ్రీల అక్వేరియంలో సగం నీళ్లు తీసి 22 డిగ్రీల నీళ్లు పోస్తే మొత్తం ఒక్కసారిగా 25కి పడిపోతుంది. తెల్లమచ్చల జబ్బు తగులుకునేది ఎక్కువగా ఇలాంటప్పుడే. కాబట్టి వేడినీళ్లు కలపాల్సిందే. దాన్ని పైపుల్లోనే కలిపేస్తామంటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

ఫిటింగ్ అయ్యాక డెమో ఎలా చేశారో చెప్పాలి, రేపు మీ ఇంట్లోనూ ఇలాగే చేస్తారు. పైపు చివర బకెట్లో పెట్టి, కుళాయి తిప్పి, "చెయ్యెట్టి చూడండి మాస్టారూ, గోరువెచ్చగా ఎంత బాగున్నాయో" అన్నాడు ఫిట్ చేసిన కుర్రాడు. గోరువెచ్చగా ఉంటే చేపలకి ప్రమాదమనే అర్థం. మన అరచేతి చర్మమే సుమారు 32, 33 డిగ్రీలు ఉంటుంది. 27 డిగ్రీల నీళ్లలో చెయ్యి పెడితే కొంచెం చల్లగానే తగలాలి. అక్వేరియం థర్మామీటరు బకెట్లో వేస్తే 37 చూపించింది. వాల్వ్ నాబ్‌ని చివరిదాకా చల్లటి వైపు తిప్పినా 36 దగ్గర ఆగిపోయింది. "సెట్ అవడానికి రెండు రోజులు పడతాది" అన్నాడు. అదేమైనా పాలు తోడుపెట్టడమా?

అతను వెళ్లాక వాల్వ్ తుడిచి చూస్తే ఇత్తడి మీద పోత అక్షరాల్లో 35–60 అని ఉంది. అంటే ఆ వాల్వ్ 35 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్యే పనిచేస్తుంది. సోలార్ వాటర్ హీటర్ కింద, స్నానం చేసేవాళ్లు కాలిపోకుండా పెట్టే మిక్సింగ్ వాల్వ్ అది. లోపల మైనం నింపిన చిన్న గుళిక ఉంటుంది. నీటి వేడికి మైనం ఉబ్బి, వేడినీళ్ల దారిని మూస్తూ చన్నీళ్ల దారిని తెరుస్తుంది. ఆ మైనాన్ని ఏ వేడికి కదిలేలా తయారుచేస్తే అక్కడే కదులుతుంది. 35కి తయారైనదాన్ని 27కి దింపడం నాబ్ వల్ల కాదు, రెండు రోజులు ఆగినా కాదు. 20 నుంచి 43 దాకా పనిచేసే వాల్వులు కూడా తయారవుతున్నాయి. ఎవరైనా అక్వేరియానికని అమ్మితే అలాంటిది చూపించమనండి. అంకెలు డబ్బా మీద కాదు, వాల్వ్ ఒంటి మీద చూడాలి. మా డబ్బా మీద చేపబొమ్మ స్టిక్కర్ అంటించి ఉంది మరి.

సరైన రేంజి వాల్వే ఇచ్చినా మన ఇళ్లలో ఇంకో చిక్కుంది, ప్రెజర్. నీటిమట్టం ఒక మీటరు ఎత్తుంటే వచ్చే ప్రెజర్ 0.1 బార్. ఒక అంతస్తు ఇంట్లో డాబా మీది ట్యాంకుకీ కింద కుళాయికీ మధ్య మూడు, నాలుగు మీటర్లుంటే 0.3, 0.4 బార్ వస్తుంది, అంతే. ఇలాంటి వాల్వుల్లో చాలావాటికి అర బార్ నుంచి ఒక బార్ దాకా ఉంటేనే కుదురుగా కలుపుతాయి. దానికితోడు వేడి, చల్లటి లైన్లలో ప్రెజర్ దాదాపు సమానంగా ఉండాలి. మా ఇంట్లో ఎవరైనా వంటింటి కుళాయి తిప్పితే చన్నీళ్లు తగ్గి ఇటు థర్మామీటరు పైకి పాకేది. ఈ మాట షాపులో చెబితే "అయితే ప్రెజర్ పంపు పెట్టించుకోండి, ఇంకో తొమ్మిది వేలు" అన్నారు. వాల్వ్ పని చెయ్యడం లేదని వెళ్తే పంపు అమ్మజూపారు! రెండు ఇన్లెట్ల దగ్గరా నాన్ రిటర్న్ వాల్వ్ కూడా పెట్టలేదు. అది లేకపోతే గీజర్ నీళ్లు మిక్సర్ గుండా చన్నీళ్ల లైనులోకి జారతాయి. వాష్ బేసిన్ కుళాయిలో వేడినీళ్లు ఎందుకొస్తున్నాయా అని ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోయారు కూడా.

"ఏడాదంతా 27" అన్న మాట సంగతి చూద్దాం. మిక్సింగ్ వాల్వ్ రెండు నీళ్లని కలుపుతుందే తప్ప దేన్నీ చల్లబరచదు. మే నెల మధ్యాహ్నం డాబా మీది నల్ల ట్యాంకులో నీళ్లు 35 దాటిపోతే, "చన్నీళ్ల" లైనులోంచి వచ్చేవే 35. అప్పుడు ఏ వాల్వూ 27 ఇవ్వలేదు. వేసవిలో తెల్లవారుజామున పట్టుకోవాలి, లేదా బోరు ఉంటే మోటారు నుంచి తిన్నగా పట్టుకోవాలి. భూమిలోంచి వచ్చే నీటి వేడి ఏడాది పొడుగునా పెద్దగా మారదు. కాకపోతే బోరు నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉండొచ్చు, కొంతసేపు గాలి ఆడించాకే పొయ్యాలి.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఫిల్టరు. "ఇది క్లోరిన్ కూడా తీసేస్తాది, యాంటీ క్లోరిన్ కొనక్కర్లేదు" అని చెప్పి అమ్మారు. హౌసింగ్ విప్పితే లోపల దారం చుట్టినట్టుండే తెల్ల స్పన్ కాట్రిడ్జి. అది మట్టినీ తుక్కునీ పట్టుకుంటుంది. నీళ్లలో కరిగిన క్లోరిన్‌ని తాకనైనా తాకదు. దానికి కార్బన్ కాట్రిడ్జి కావాలి, అదీ నీళ్లు నెమ్మదిగా వెళ్తేనే పనిచేస్తుంది. మున్సిపాలిటీ కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది తాగునీటి ప్రమాణం. మనం తాగడానికి అది మంచిదే, చేపల మొప్పలకి మాత్రం అంతకన్నా చాలా తక్కువైనా విషమే. వాల్వ్ తప్పయితే థర్మామీటరు చెబుతుంది. క్లోరిన్ తప్పయితే చేపలు పోయాకే తెలుస్తుంది. పైపుతో తిన్నగా అక్వేరియంలోకి పోసేవాళ్లు యాంటీ క్లోరిన్‌ని కొత్త నీళ్ల లెక్కన కాకుండా మొత్తం అక్వేరియం లీటర్ల లెక్కన ముందే వెయ్యాలి.

మా లైను చివర ఇంకా బకెట్లోనే ఉంది కాబట్టి చేపలకేమీ కాలేదు. ఇదే సెట్ పెట్టించుకున్న శ్రీకాకుళం మిత్రుడు ఒకాయన అమ్మినవాళ్ల మాట నమ్మి తిన్నగా అక్వేరియంలోకి వదిలారు. ఏంజెల్ చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి, వాటిలో కొన్ని దక్కలేదు. వేడికా, క్లోరిన్‌కా అంటే రెండూ కావచ్చు. ష్రింప్ పెంచేవాళ్లకి ఇంకో మాట: రాగి వాటికి కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. రాగి ట్యాంకున్న గీజర్‌లో, ఇత్తడి ఫిటింగుల్లో రాత్రంతా నిలవున్న నీళ్లు వాళ్లు అసలు వాడొద్దు.

ఇంతకీ ఎంత వేడినీళ్లు కావాలో లెక్కేస్తే ఈ సెట్ అవసరమే కనిపించదు. డాబా ట్యాంకు నీళ్లు 22, గీజర్ నీళ్లు 55, మనకి కావలసింది 27 అనుకోండి. 22 నుంచి 27కి తేడా 5, 22 నుంచి 55కి తేడా 33. 5ని 33తో భాగిస్తే సుమారు 15 శాతం. వంద లీటర్లకి 15 లీటర్ల గీజర్ నీళ్లు, అంటే ఒక బకెట్! ఇప్పుడు నేను వంద లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములో చన్నీళ్లు పట్టి, ఒక బకెట్ వేడినీళ్లు కలిపి, యాంటీ క్లోరిన్ వేసి, గాలిబుడగలు వదిలే ఎయిర్ స్టోన్ పెట్టి, థర్మామీటరు చూసుకుని, చిన్న సబ్‌మెర్సిబుల్ పంపుతో ట్యూబు గుండా అక్వేరియంలోకి ఎక్కిస్తున్నాను. ఎయిర్ స్టోన్ ఉత్తినే పెట్టింది కాదు. వేడెక్కిన నీళ్లలో గాలి పట్టు తప్పి బుడగలై బయటికొస్తుంది, ఆ పని చేపల ఒంట్లో కాకుండా డ్రమ్ములోనే అయిపోవాలి. అయినా పైపు లైనే కావాలంటారా, గీజర్ నుంచి డ్రమ్ము దాకా సీపీవీసీ పైపు వేయించుకోండి. మామూలు యూపీవీసీ వేడికి మెత్తబడుతుంది.

షాపువాళ్లు ఇచ్చింది బిల్లు కాదు, ఎస్టిమేట్ చీటీ, కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముద్ర. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం అక్రమ వ్యాపార పద్ధతులే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఆ తర్వాత షాపు నుంచి ఫోన్ వచ్చింది, వాల్వ్ ఒక్కదానికే డబ్బు ఇస్తామంటున్నారు. ఫిల్టరు గురించి చెప్పిన అబద్ధానికి, ఫిటింగ్ కూలికి ఏమీ ఇవ్వరట. నేను ఒప్పుకోలేదు.

ఇప్పటికే పెట్టించుకున్నవాళ్లు ఈరోజే వాల్వ్ మీది అంకెలు, విప్పిన కాట్రిడ్జి, బకెట్లో థర్మామీటరు మూడూ ఫోటోలు తీసి పెట్టుకోండి. చీటీ మాత్రమే ఉంటే, డబ్బు కట్టిన యూపీఐ స్క్రీన్‌షాట్ కూడా దాంతోపాటు దాచండి, 30 రోజుల లెక్కకి అదే తేదీ చూపిస్తుంది.