కలత నిద్రకు జాజికాయా, పెన్నేరు గడ్డా?

నిద్ర సరిగా పట్టడం లేదని చెబితే తిరుపతిలో పెద్దవాళ్లు సాధారణంగా సూచించేది జాజికాయనే: సానరాయి మీద పాలచుక్క వేసి కాయను రెండు మూడు చుట్లు అరగదీసి, ఆ గంధాన్ని గోరువెచ్చని పాలలో కలిపి పడుకోబోయే ముందు తాగమంటారు. ఒక్క కాయ నెలల తరబడి వస్తుంది. అయితే ఇందులో మిరిస్టిసిన్ అనే పదార్థం ఉన్నందున, చెంచాల కొద్దీ పొడి తింటే గుండెదడ, భ్రమలు కలుగుతాయి, చిటికెడు మించకూడదు.

పెన్నేరు గడ్డ, అంటే అశ్వగంధ వేరు, ఆ రాత్రికే ఫలితమిచ్చేది కాదు. కొన్ని వారాలు వాడితే ఆందోళన తగ్గి నిద్ర కుదుటపడుతుందని చిన్న స్థాయి పరీక్షలు సూచిస్తున్నాయి కనుక, చాలాకాలంగా మధ్యరాత్రి మెలకువ వచ్చేవారి విషయంలో నేను దీనివైపే మొగ్గుతాను. గర్భిణులు, థైరాయిడ్ మందులు వాడేవారు, కాలేయ జబ్బు ఉన్నవారు మాత్రం దీని జోలికి పోకూడదు. మిగిలినవారు కూడా తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద వైద్యశాలలో అడిగి మోతాదు తెలుసుకోవాలి.