ఛార్జ్ ఎక్కని లాప్‌టాప్: ఒరిజినల్ బ్యాటరీ మేలా, కంపాటిబుల్ మేలా?

తిరుపతిలో ఎండలు ముదిరాయంటే రిపేరు షాపుల్లో ఈ మాట తరచూ వినబడుతుంది. "అన్నా, ప్లగ్ పెడితే ఆన్ అవుతుంది, ఛార్జ్ మాత్రం ఎక్కలేదు." అవతలి నుంచి జవాబు రెడీగా ఉంటుంది: "బ్యాటరీ పోయింది సామీ, మార్చేద్దాం." నిజంగా పోయుండొచ్చు. కానీ ఏ బ్యాటరీ కొనాలో బేరం మొదలుపెట్టే ముందు, అసలు పోయిందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

లిథియం అయాన్ సెల్ వేడి దాదాపు 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ తనంతట తానే ఆగిపోతుంది. ఏసీ లేని హాస్టల్ గదిలో, పరుపు మీద పెట్టి వాడే లాప్‌టాప్‌కి ఆ వేడి రావడం ఎంతసేపు? ఆపేసి, చల్లారాక మళ్లీ పెట్టి చూడండి. ఛార్జ్ 60 శాతం దగ్గరో 80 శాతం దగ్గరో కచ్చితంగా నిలిచిపోతుంటే అది జబ్బు కాదు, సెట్టింగ్. లెనోవోలో కన్జర్వేషన్ మోడ్ అంటారు. ఆసుస్‌లోనూ ఇలాంటి పరిమితి ఉంది. డెల్‌వాళ్ల పాత ఛార్జర్ల గుండ్రటి పిన్ను మధ్యలో సన్నటి సూదిలాంటిది ఉంటుంది. ఛార్జర్ ఎన్ని వాట్లదో లాప్‌టాప్‌కి తెలిసేది దాని ద్వారానే. అది వంగినా విరిగినా మెషీన్ నడుస్తుంది, బ్యాటరీకి మాత్రం కరెంటు ఎక్కదు. టైప్-సీ వాళ్లయితే 65 వాట్ల ఛార్జర్ బదులు ఫోన్ ఛార్జర్ పెట్టలేదు కదా అని ఒకసారి చూసుకోండి.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని ఇంగ్లీషులో కొట్టండి. రిపోర్ట్ ఎక్కడ సేవ్ అయిందో చూపిస్తుంది; ఆ ఫైల్ తెరిస్తే తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పటి పూర్తి ఛార్జ్ సామర్థ్యం రెండూ కనిపిస్తాయి. మొదటిది 50,000, రెండోది 18,000 అని ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు, బ్యాటరీ అయిపోయింది. అలా కాక రెండూ దగ్గర దగ్గరగా ఉండి కూడా ఛార్జ్ ఎక్కకపోతే తప్పు చాలావరకు ఛార్జర్‌దో, జాక్‌దో, మదర్‌బోర్డుదో. కొత్త బ్యాటరీ పెట్టినా మీ డబ్బు దండగ.

సరే, మార్చాల్సిందే అనుకుందాం. కంపెనీ సర్వీస్ సెంటర్లో ఒరిజినల్ దొరికితే, లాప్‌టాప్ కొని మూడు నాలుగేళ్లే అయ్యుంటే, నా ఓటు దానికే. కంపాటిబుల్‌తో, అంటే అదే మోడల్‌కి సరిపోయేలా వేరే కంపెనీ చేసినదానితో, పోలిస్తే ధర దాదాపు రెట్టింపు ఉంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. అయినా ఇంకో మూడేళ్లు వాడే మెషీన్‌కి అది గిట్టుబాటే.

ఏడెనిమిదేళ్ల పాత మోడల్ అయితే లెక్క మారుతుంది. లిథియం బ్యాటరీ వాడకపోయినా అరలో ఉండే ముసలిదవుతుంది. అంత పాత మోడల్‌కి "ఒరిజినలే సామీ, సీలు చూడు" అని ఎవరైనా చూపిస్తే, అది ఏళ్ల తరబడి గోడౌన్లో పడున్నదో, కంపాటిబుల్‌కి అంటించిన స్టిక్కరో అని అనుమానించాలి. దానికంటే కంపాటిబుల్ అని చెప్పి అమ్మే కంపాటిబులే నయం. కొనేటప్పుడు లేబుల్ చదవండి. వోల్టేజీ పాతదానితో సరిపోవాలి; 11.1 ఉన్నచోట 14.8 పనికిరాదు. ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే వాట్ అవర్లు కూడా పాతదానితో పోల్చి చూడండి. ఐఎస్ 16046 అన్న అంకె, దాంతోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబరు ఉండాలి. లేకపోతే వదిలేయండి.

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ఇంకా చవక అంటారు మనవాళ్లు. చవకే, మోడళ్లూ ఎక్కువే. కానీ రెండో నెలలో మొరాయిస్తే వారంటీ కోసం పుత్తూరు, నగరి మీదుగా మళ్లీ బస్సెక్కాలి. ఆ ఛార్జీలు, పోయిన పూట కలిపితే మిగిలేదేముంది? వేరే పని మీద ఎలాగూ వెళ్తుంటే సరే. లేదంటే బిల్లు మీద వారంటీ రాసిచ్చే ఊళ్లో షాపే మేలు. తగువు పడాలన్నా మనిషి అందుబాటులో ఉంటాడు.

సెల్స్ మార్పించడం మాత్రం వద్దు. పాత లావు బ్యాటరీల్లో లోపలి సెల్స్ తీసి కొత్తవి వేసేవాళ్లున్నారు. సెల్స్ అన్నీ ఒకే జోడుగా ఉండాలి, స్పాట్ వెల్డింగ్ కుదరాలి, లోపలి సర్క్యూట్ పాత లెక్క మర్చిపోవాలి. ఇన్ని కుదిరేది అరుదు. ఇప్పటి పల్చటి పౌచ్ బ్యాటరీలకైతే ఆ ఆలోచనే ప్రమాదం.

అసలు మార్చకుండా నేరుగా ప్లగ్ మీదే వాడుకోవడం? ఇంట్లో ఇన్వర్టర్ ఉండి, లాప్‌టాప్ బల్ల దిగనిదైతే పైసా ఖర్చు లేదు. ఇన్వర్టర్ లేకపోతే మాత్రం కరెంటు పోయిన క్షణం సేవ్ చేయని పనీ పోతుంది, కొన్ని మోడళ్లు బ్యాటరీ లేకపోతే వేగం తగ్గించుకుంటాయి కూడా. ఒక్క షరతు: టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు ఉబ్బినా ఇక ప్లగ్ పెట్టొద్దు. ముందు ఆ బ్యాటరీ తీయించండి. గుచ్చొద్దు, చెత్తబండిలో వేయొద్దు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారులది. కాబట్టి కొత్తది కొన్నచోటే పాతది తీసుకోమని అడగండి.