గ్యాస్ కాదు, గోనె పీచు: విజయవాడ ఆటోనగర్ ఏసీ షాపులో నా అనుభవం

గుంటూరు మిర్చి యార్డులో మాది కమిషన్ వ్యాపారం. ఏడు సీట్ల కారు, డిక్కీలో ఎప్పుడూ శాంపిల్ మిరపకాయల గోనె సంచులు ఉంటాయి. ఏప్రిల్ నుంచి వెనక సీట్లోకి ఏసీ గాలి రావడం తగ్గింది. అమ్మ కూర్చునేది అక్కడే. ఒంగోలు వెళ్లొచ్చేసరికి చీర చెమటకి తడిసిపోయి ఒంటికి అతుక్కుపోయింది. చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఊళ్లో ఒకచోట చూపిస్తే గ్యాస్ తక్కువుందని రెండుసార్లు నింపారు. 4,200 రూపాయలు పోయాయి, గాలి మాత్రం రాలేదు.

తెలిసినాయన చెబితే విజయవాడ ఆటోనగర్‌లో ఈ ఏసీ షాపుకి తీసుకెళ్లాను. మేస్త్రీ అడిగిన మొదటి మాటే నాకు నచ్చింది: "గాలి రావట్లేదా అన్నా, వస్తోంది గానీ చల్లగా లేదా?" అప్పటిదాకా నన్ను ఆ మాట అడిగినవాళ్లే లేరు. ముందు సీటు దగ్గరి గ్రిల్లులో థర్మామీటరు పెట్టాడు. 8 డిగ్రీలు చూపించింది. గ్యాస్ బాగానే ఉందన్నాడు. తర్వాత పేపరు ముక్క సన్నగా చింపి వెనక గ్రిల్లు ముందు పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు స్పీడుల్లో కాగితం కదల్లేదు. నాలుగులో కొంచెం లేచింది. "రెసిస్టర్, అంటే ఏసీ ఫ్యాను స్పీడు తగ్గించే భాగం, పోయింది. నాలుగో స్పీడుకి దానితో పనిలేదు, కరెంటు నేరుగా మోటారుకి వెళ్తుంది. కానీ నాలుగులో కూడా ఇంత తక్కువగా వస్తోందంటే లోపల ఇంకేదో అడ్డం ఉంది" అన్నాడు.

మా కారులో వెనక ఏసీకి బ్లోయర్ (గాలి ఊదే ఫ్యాను), కూలింగ్ కాయిల్ వేరుగా ఉంటాయి. డిక్కీ పక్క ప్యానెల్ విప్పేసరికి కుర్రాడు దగ్గుతూ వెనక్కి జరిగాడు. బ్లోయర్ చక్రం రెక్కల సందుల్లో గోనె పీచు దూది ఉండలా చుట్టుకుపోయి ఉంది. కాయిల్ మీద తడికి కారం దుమ్ము అంటుకుని ఎర్రగా పేస్టులా పేరుకుంది. అమ్మకి ఆ తుమ్ములెందుకో అప్పుడు అర్థమైంది. రెసిస్టర్ ఉండేది గాలి దారిలోనే, దాన్ని చల్లబరిచేది ఆ గాలే. గాలి ఆడక వేడెక్కి కాలిపోయింది. కడగకుండా కొత్తది వేస్తే అదీ కాలిపోతుందని రెండూ చూపించి, నేను సరేనన్నాకే పని మొదలుపెట్టాడు.

రెసిస్టర్ 950, క్లీనింగు, మజూరీ కలిపి 1,800. మూడున్నర గంటలు పట్టింది. పాత రెసిస్టర్ నా చేతికిచ్చాడు. కూర్చోడానికి నీడ లేదు, ఎండలోనే నిలబడాలి. పెద్దవాళ్లని వెంట తీసుకెళ్లకండి. పొద్దున తొమ్మిదికల్లా వెళ్తే మధ్యాహ్నానికి అయిపోతుంది.

మొన్న ఒంగోలు వెళ్తుంటే చిలకలూరిపేట దాటాక అమ్మ గాలి తగ్గించమంది. రెండో స్పీడులో పెట్టాను. సంచులు ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లో కట్టి, బ్లోయర్ గ్రిల్లుకి ఎడంగా పెడుతున్నాను.